లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక తమ్ముడికి కోపం బాగా పెరిగింది, అసలు ఈ ఫిట్స్ మందులు ఎలా పనిచేస్తాయి?

తూనీగ_21 అడిగిన ప్రశ్న

నమస్తే అందరికీ. మా తమ్ముడికి 19 ఏళ్ళు. ఈమధ్య రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, రెండూ పొద్దున్నే, నిద్రలేచిన కాసేపటికే. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, మెదడులో కరెంటు ఎలా నడుస్తుందో చూసే ఈఈజీ పరీక్షలో మాత్రం తేడా కనిపించిందని చెప్పి న్యూరాలజిస్టు గారు లెవెటిరాసెటమ్ 500 ఎంజీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడమన్నారు. వాడటం మొదలుపెట్టాక మళ్ళీ ఫిట్స్ రాలేదు, అంతవరకు బాగానే ఉంది.

సమస్య ఏంటంటే మనిషే మారిపోయాడు. మొన్న అమ్మ "మాత్ర వేసుకున్నావా నాన్నా" అని అడిగిందంతే, చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాడు. అరగంట తర్వాత తనే వచ్చి ఆ ముక్కలు ఏరుతూ "అక్కా, అంత కోపం ఎందుకొచ్చిందో నాకే తెలీలేదు" అన్నాడు. వాడు గొంతు పెంచి మాట్లాడటం చిన్నప్పటి నుంచి నేను చూడలేదు. ఫిట్స్ వచ్చాయన్న బాధతో అలా చేస్తున్నాడని ఇంట్లో కొందరు, ఆ వయసే అంత అని ఇంకొందరు. నాకు మాత్రం మందు మీదే అనుమానం.

ఒక మాత్ర ఫిట్స్ ఆపడానికీ, కోపానికీ సంబంధం ఏంటి? ఇవి లోపల చేసే పని ఏంటి? జబ్బు తగ్గిస్తాయా, లేక వాడినంత కాలం అణిచిపెట్టి ఉంచుతాయా? వాడేమో "నాకు బాగానే ఉంది, ఆపేస్తా" అంటున్నాడు. లివర్ పాడవుతుంది, జ్ఞాపకశక్తి పోతుంది అని ఎవరో చెప్పారట, దాంతో ఇంకా టెన్షన్ పెట్టుకున్నాడు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, డాక్టరు గారి దగ్గర ఉన్న అయిదు నిమిషాల్లో ఇవన్నీ అడగలేకపోయాం.

నీలిగగనం

నేను డాక్టర్ని కాదు, న్యూరాలజీ వార్డులో మందులు చూసే ఫార్మసిస్టుని. ముందు అర్జెంటుగా చెప్పాల్సింది చెప్పేస్తాను: మీ తమ్ముణ్ణి మాత్ర తనంతట తాను ఆపనివ్వకండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్ళీ రావడమే కాదు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అలాగని ఆ కోపాన్ని భరిస్తూ కూర్చోమని కూడా అనను. మీ అనుమానం సబబైనదే, ఈ మందుకి చిరాకు, కోపం, మనసు కుంగిపోవడం బాగా తెలిసిన సైడ్ ఎఫెక్ట్స్, సుమారు పదిమందిలో ఒకరికి వస్తాయి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారంలోనే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. చనిపోవాలనిపిస్తోందని గానీ, బతకడం దండగని గానీ ఒక్క మాట అన్నా అదే రోజు తీసుకెళ్ళండి. ఇది ఈ ఒక్క మందుకే చెప్పే జాగ్రత్త కాదు, 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మొత్తం ఫిట్స్ మందులన్నిటికీ కలిపి ఈ హెచ్చరిక ఇచ్చింది. అలాంటి ఆలోచనలు వచ్చేది చాలా తక్కువమందికే, కానీ ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి.

ఇక ఎలా పనిచేస్తాయన్నది. మెదడులో న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, ఒకదానితో ఒకటి కరెంటుతోనూ, రసాయనాలతోనూ మాట్లాడుకుంటాయి. మామూలుగా దేని పని దానిది. ఒక పెద్ద హాల్లో వందలమంది ఎవరికి వాళ్ళు చప్పట్లు కొడుతుంటే అది రొదలా వినిపిస్తుంది, అదే అందరూ ఉన్నట్టుండి ఒకే తాళంలో గబగబా కొట్టడం మొదలుపెడితే హాలు అదిరిపోతుంది. ఫిట్స్ అంటే ఆ రెండోది. న్యూరాన్ల గుంపు ఒకేసారి, అతి వేగంగా, ఆపుకోలేకుండా కరెంటు వదులుతుంది. అది మెదడులో ఒకచోట మొదలైతే ఫోకల్ అంటారు, మొదటినుంచే రెండువైపులా ఉంటే జనరలైజ్డ్ అంటారు. ఏ మందు రాయాలన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

న్యూరాన్ కరెంటు వదలాలంటే సోడియం లోపలికి దూసుకురావాలి, దానికి ఆ కణం పొరలో సోడియం ఛానెళ్ళనే చిన్న తలుపులు ఉంటాయి. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్, ఇవన్నీ ఆ ఛానెళ్ళ మీద పనిచేసేవే. ఇందులో నాకు ఎప్పుడూ అద్భుతంగా అనిపించే విషయం ఏంటంటే, ఇవి ఛానెళ్ళన్నిటినీ మూసెయ్యవు. అలా మూసేస్తే మనిషి ఆలోచించడం కూడా ఆగిపోవాలి కదా. మాటిమాటికీ తెరుచుకుని మూసుకునే ఛానెల్‌కే ఇవి ఎక్కువగా అతుక్కుని, అది మళ్ళీ తెరుచుకోవడానికి పట్టే టైమ్ పెంచుతాయి. అంటే హాల్లో నిదానంగా చప్పట్లు కొట్టేవాళ్ళ జోలికి పోకుండా మరీ వేగంగా కొట్టేవాళ్ళనే పట్టుకుంటాయి. డోసు ఎక్కువైతే మాత్రం మామూలు పని కూడా కొంత మందగిస్తుంది. ఈ మందులు వాడేవాళ్ళకి తల తిరగడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపించడం అందుకే.

రెండో రకం గాబా మీద పనిచేసేవి. గాబా అంటే న్యూరాన్లని శాంతపరిచే రసాయనం. ఫినోబార్బిటాల్, క్లోబజమ్, క్లోనజెపామ్ దాని ప్రభావాన్ని పెంచుతాయి. మెదడు మొత్తం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి మగత, బద్ధకం రావడం సహజం, పిల్లల్లో మాత్రం ఫినోబార్బిటాల్‌కి ఒక్కోసారి దీనికి సరిగ్గా ఉల్టాగా, కుదురుగా కూర్చోలేని అల్లరి పెరుగుతుంది. ఇథోసక్సిమైడ్ ఒక రకం కాల్షియం ఛానెళ్ళ మీద, పెరాంపనెల్ గ్లూటమేట్ అనే ఉద్రేకపరిచే రసాయనం మీద పనిచేస్తాయి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ ఒక్క దారిలో కాదు, రెండు మూడు దారుల్లో పనిచేస్తాయి.

మీ తమ్ముడు వాడేది వీటన్నిటికీ భిన్నం. న్యూరాన్ చివర, పక్క కణానికి పంపాల్సిన రసాయనాలు నింపుకున్న చిన్న చిన్న తిత్తులు ఉంటాయి. వాటి మీద ఎస్‌వీ2ఏ అనే ప్రోటీన్ ఉంటుంది, లెవెటిరాసెటమ్ దానికి అతుక్కుని ఆ రసాయనాల విడుదలని మారుస్తుంది. 1999లోనే అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది, ఇది పట్టుకునేది ఈ ప్రోటీన్‌నే అని తేలింది మాత్రం 2004లో. ఫిట్స్ మందుల చరిత్రంతా దాదాపు ఇలాగే నడిచింది, ముందు పనిచేస్తుందని తెలుస్తుంది, ఎందుకన్నది తర్వాత. 1857లో బ్రోమైడ్, 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటోయిన్ వచ్చాయి. వాల్‌ప్రోయేట్ సంగతైతే, దాన్ని ఎన్నో ఏళ్ళు వేరే రసాయనాలు కరిగించడానికి మాత్రమే వాడేవాళ్ళు, 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో పరీక్షిస్తున్న పదార్థాలన్నీ ఫిట్స్‌ని ఆపుతుంటే అప్పుడు తెలిసింది, పనిచేస్తున్నది అవి కాదు, వాటిని కరిగించిన ద్రవమే అని.

కోపానికీ దీనికీ సంబంధం అడిగారు. ఈ రసాయనాలు ఫిట్స్ కోసమే ప్రత్యేకంగా ఉన్నవి కావు, మూడ్‌నీ నిద్రనీ ఓపికనీ నడిపేవీ అవే. మందు వాటి సర్దుబాటు మార్చినప్పుడు కొందరి మెదడు అలా స్పందిస్తుంది. ముందునుంచే మనసుకి సంబంధించిన ఇబ్బంది ఉన్నవాళ్ళలో ఎక్కువ చూస్తాం, ఏమీ లేనివాళ్ళకీ వస్తుంది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, లేదా డోసు పెంచిన వెంటనే బయటపడటం మామూలు. మీ తమ్ముడు గ్లాసు ముక్కలు ఏరుతూ అన్న మాటని ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పండి, నేను ఏం వివరించినా దానికంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇంకొక్కటి అడగాలి. పొద్దున్నే నిద్రలేచాక తన చేతులు ఉలిక్కిపడినట్టు ఎగరడం, బ్రష్షో కప్పో చేతిలోంచి జారిపోవడం ఎప్పుడైనా చూశారా?

తూనీగ_21

మీరు అడిగాక ఇప్పుడే వాడిని అడిగాను. ఉందట! ఫిట్స్ రాకముందు నుంచే, చాలా కాలంగా ఉందట. పళ్ళు తోముకునేటప్పుడు చేయి ఒక్కసారి ఎగిరి పేస్టు అద్దం మీద పడేదట, నిద్ర సరిగ్గా లేని రోజు మరీ ఎక్కువట. అది ఫిట్స్‌లో భాగమని మాకెవరికీ తట్టలేదు, డాక్టరుకీ చెప్పలేదు. అది ముఖ్యమా?

నీలిగగనం

చాలా ముఖ్యం, తప్పకుండా చెప్పండి. పేరు పెట్టాల్సింది డాక్టరే, నేను కాదు. కానీ టీనేజ్‌లో మొదలై, పొద్దున్నే చేతులు ఎగరడం, నిద్ర తక్కువైతే ఫిట్స్ రావడం ఉన్నవాళ్ళలో జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ ఉందేమో అని తప్పక చూస్తారు. మందు ఎంపిక ఇక్కడే కీలకం. ఫోకల్ ఫిట్స్‌కి చక్కగా పనిచేసే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటోయిన్ ఈ రకంలో ఆ కుదుపుల్ని పెంచొచ్చు కూడా. లామోట్రిజిన్ కొందరికి ఫిట్స్ తగ్గించినా కుదుపులు పెంచుతుంది. కాబట్టి "మా బంధువుకి ఫలానా మందుతో తగ్గింది, అది రాయండి" అని అడగడంలో అర్థం లేదు, ఇద్దరివీ ఫిట్సే అయినా ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి కీడు చెయ్యొచ్చు.

వీలైతే ఆ కుదుపులు ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. మాటల్లో వంద చెప్పినా న్యూరాలజిస్టుకి ఆ పది సెకన్ల వీడియో ఎక్కువ చెబుతుంది.

వేపచెట్టునీడ

నాకూ లెవెటిరాసెటమ్‌తో సరిగ్గా ఇదే జరిగింది, అందుకే రాస్తున్నా. బయటివాళ్ళతో బాగానే ఉండేవాడిని, ఇంట్లోకి అడుగుపెడితే చాలు ప్రతి చప్పుడూ నా మీదకి వచ్చినట్టు ఉండేది. స్పూను పళ్ళేనికి తగిలిన శబ్దానికి ఒళ్ళు మండేది. అది మందు వల్ల అని నాకు తెలీదు, నిజంగా అందరూ నన్ను విసిగిస్తున్నారనే నమ్మాను. అక్కా, మీ తమ్ముడికి ఇది తన స్వభావం కాదని ముందు మీరు చెప్పండి, ఆ మాట వింటేనే సగం భారం దిగుతుంది.

మా డాక్టరు ముందు డోసు కొంచెం తగ్గించి చూశారు, నాకు అది చాల్లేదు. తర్వాత బ్రివరాసెటమ్‌కి మార్చారు, అదీ అదే ప్రోటీన్ మీద పనిచేస్తుందట గానీ నాకు చిరాకు చాలావరకు పోయింది. అందరికీ పోతుందని చెప్పలేను, అదే ఇబ్బంది దానితోనూ వచ్చినవాళ్ళు ఉన్నారు. కొందరికి విటమిన్ బి6 ఇస్తారు, కొందరికి ఉపయోగపడిందంటారు, అయితే దానికి గట్టి రుజువులు లేవని మా డాక్టరు ముందే చెప్పారు. మీరుగా కొని పెద్ద డోసులు వెయ్యకండి, బి6 మోతాదు మించి చాలాకాలం వాడితే నరాలే దెబ్బతింటాయి.

లివర్ భయం గురించి: ఈ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, కిడ్నీ సమస్య ఉంటే డోసు తగ్గిస్తారు. లివర్ విషయంలో జాగ్రత్తగా చూడాల్సింది వాల్‌ప్రోయేట్ లాంటివాటితో. ఎవరో "ఫిట్స్ మందులు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టి భయపెట్టి ఉంటారు.

పొద్దుతిరుగుడు

ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం నా అనుభవం, తూనీగ గారికి నేరుగా సంబంధం లేకపోయినా ఇక్కడే రాస్తాను, ఎందుకంటే నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి వాల్‌ప్రోయేట్ వాడాను. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయి, అందులో దానికి వంక పెట్టలేను, నా రకం ఫిట్స్‌కి అంత బాగా పనిచేసే మందు ఇంకోటి లేదని ఇప్పటికీ అంటారు. బరువు పెరిగాను, దువ్వెన నిండా జుట్టు వచ్చేది, చేతులు సన్నగా వణికేవి, అయినా సర్దుకున్నాను. పెళ్ళి మాటలప్పుడు ఒక కొత్త డాక్టరు ఫైలు చూసి, గర్భంతో ఉండగా ఈ మందు వాడితే పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి పెద్ద అవయవ లోపాలు వస్తాయనీ, పదిమందిలో ముగ్గురు నలుగురికి మాటలు, చదువు, ఎదుగుదలలో ఇబ్బందులు రావొచ్చనీ చెప్పారు. అన్నేళ్ళలో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. అప్పటిదాకా చూసిన వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

అలా అని ఆ రోజే ఆపెయ్యలేదు. లామోట్రిజిన్ మొదలుపెట్టి నెలల తరబడి అది పెంచుతూ ఇది తగ్గించారు. ఎందుకంత నిదానం అంటే, లామోట్రిజిన్ తొందరగా పెంచితే ఒంటిమీద ప్రమాదకరమైన దద్దుర్లు రావొచ్చు. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారు, చర్మం, నోరు, కళ్ళు పుండ్లుపడి ఊడిపోయే స్థితి, అరుదే గానీ ప్రాణాంతకం. మామూలుగా రోజుకి 25 ఎంజీతో రెండు వారాలు, తర్వాత 50తో రెండు వారాలు అలా వెళ్తారు, వాల్‌ప్రోయేట్ కూడా ఒంట్లో ఉంటే అది లామోట్రిజిన్‌ని బయటికి పోనివ్వదు కాబట్టి ఇంకా తక్కువతో, రోజు విడిచి రోజు 25తో మొదలుపెడతారు. ఇంకో సంగతి, లామోట్రిజిన్ వరసగా అయిదారు రోజులు మానేస్తే పాత డోసు ఒక్కసారిగా వేసుకోకూడదు, మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టాలి. ఊరెళ్ళి మందులు మర్చిపోయినవాళ్ళు ఇంటికి రాగానే మొత్తం డోసు వేసేసుకుంటారు, దయచేసి అలా చెయ్యొద్దు.

గర్భనిరోధక మాత్రల సంగతి కూడా రాసేస్తాను. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వాడుతుంటే లివర్ ఆ హార్మోన్లని త్వరగా కరిగించేస్తుంది, మాత్ర వేసుకుంటున్నా గర్భం రావొచ్చు. లామోట్రిజిన్‌తో సంగతి తిరగబడుతుంది, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రక్తంలో లామోట్రిజిన్‌నే దాదాపు సగానికి తగ్గించేస్తాయి, దాంతో ఫిట్స్ తిరిగి రావొచ్చు. గర్భంలోనూ అలాగే తగ్గుతుంది, అందుకే నాకు నెలనెలా రక్తపరీక్ష చేసి డోసు పెంచుతూ వచ్చారు, కాన్పయ్యాక మళ్ళీ దించారు. గర్భం రావడానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. పాప ఆరోగ్యంగా ఉంది. ఫిట్స్ ఉన్న ఆడపిల్లలు తల్లులు కాలేరని ఎవరైనా అంటే నమ్మకండి, ప్లాన్ చేసుకోవాలి అంతే. గర్భం అని తెలియగానే భయపడి మందు ఆపడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే.

రాళ్ళబాట

ఇక్కడ అందరూ భయపెడుతున్నారు గానీ, నేను మూడేళ్ళు ఫిట్స్ లేకుండా ఉన్నాక నా అంతట నేనే మాత్రలు ఆపేశాను, ఏమీ కాలేదు. జీవితాంతం మందులు మింగాలంటే ఎవరికైనా విసుగే. ఆ అబ్బాయి అడుగుతున్నదాంట్లో తప్పేం లేదు.

నీలిగగనం

మీకు మళ్ళీ రాకపోవడం నిజంగా సంతోషం, విసుగు కూడా నాకు అర్థమవుతుంది, రోజూ రోగుల దగ్గర వింటూనే ఉంటాను. ఆపాలనుకోవడం తప్పు కాదు, చాలామందికి ఆపే దారి ఉంది. రెండేళ్ళు లేదా అంతకంటే ఎక్కువ కాలం ఫిట్స్ లేకపోతే డాక్టర్లే ఆ చర్చ మొదలుపెడతారు. కానీ లెక్క కూడా తెలియాలి. కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేనివాళ్ళు వెయ్యిమందికి పైగా ఉన్న ఒక పెద్ద అధ్యయనం 1991లో బ్రిటన్‌లో వచ్చింది, మందు కొనసాగించినవాళ్ళలో తర్వాతి రెండేళ్ళు 78 శాతం మంది ఫిట్స్ లేకుండా ఉన్నారు, నిదానంగా ఆపినవాళ్ళలో 59 శాతం. అంటే ఆపినా సగానికి పైగా బాగానే ఉన్నారు, మీరు వాళ్ళలో ఒకరు. మిగతావాళ్ళలో ఒకరికి రోడ్డు మీదో, స్నానాల గదిలోనో, ఈతకొలనులోనో ఫిట్స్ వస్తే? ఇది ఎవరికి వాళ్ళ ఫిట్స్ రకం, ఈఈజీ, చేసే పని, బండి నడుపుతారా లేదా అన్నవి చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. పైగా అక్కడ ఆపినవాళ్ళు కూడా నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చి ఆపారు, ఒక పొద్దున లేచి డబ్బా పారెయ్యలేదు.

తూనీగ గారు అడిగిన "తగ్గిస్తాయా, అణుస్తాయా" అన్నదానికి సమాధానం కూడా ఇదే. ఈ మందులు ఫిట్స్ రాకుండా ఆపుతాయి, మెదడులోని మూల కారణాన్ని తీసెయ్యవు. కొన్ని రకాలు, ముఖ్యంగా పిల్లల్లో వచ్చేవి, వయసుతో వాటంతట అవే పోతాయి, అందాకా మందు కాపలా కాస్తుంది. మీ తమ్ముడిది నేను చెప్పిన రకమే అయితే అది మందుకి బాగా లొంగుతుంది, కానీ ఆపితే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే చాలామంది ఏళ్ళ తరబడి వాడతారు. ఇది తనకి ఇప్పుడే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే ముందు రకం తేలనిచ్చి డాక్టరు నోటితోనే చెప్పించేవాడిని.

ఒక్క మందు పడలేదని నిరాశ కూడా వద్దు. గ్లాస్గోలో కొత్తగా చికిత్స మొదలుపెట్టిన 470 మందిని గమనించి 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి, రెండో దానితో ఇంకో 13 శాతం మందికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి. సరిగ్గా ఎంచిన రెండు మందులు, సరైన డోసులో వాడినా ఆగకపోతే అప్పుడు మూడో మందు, నాలుగో మందు అని ఊరికే తిరగకుండా ఆపరేషన్ లాంటి దారులు చూడటానికి ప్రత్యేక సెంటరుకి పంపాలి. అలా ఊరికే తిరగడంలోనే చాలామంది ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు, అది చూస్తుంటే బాధేస్తుంది.

చిన్నారితల్లి

మా పాపకి ఆబ్సెన్స్ రకం. పడిపోవడం ఉండదు, మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు అలా గుడ్లప్పగించి చూస్తుంది, మళ్ళీ ఆపిన చోటి నుంచే మాట్లాడుతుంది. స్కూల్లో పరధ్యానం అని ఎన్ని తిట్లు తిన్నదో. ఇథోసక్సిమైడ్ ఇస్తున్నారు, మొదట్లో కడుపునొప్పి, వాంతి వచ్చినట్టు ఉండేది, అన్నం తిన్నాక ఇమ్మన్నారు, సర్దుకుంది. ఇది ఆబ్సెన్స్‌కి మాత్రమే, మిగతా ఫిట్స్‌ని ఆపదని చెప్పారు.

జ్ఞాపకశక్తి గురించి అడిగారు కదా, మా ఆడపడుచు టోపిరమేట్ వాడేది. ఎదురుగా ఉన్న తాళంచెవి వైపు చూపిస్తూ "అది... అది ఇవ్వు వదినా, తలుపుది" అనేది, పేరు నోటికి వచ్చేది కాదు. వేళ్ళు తిమ్మిర్లు కూడా. డోసు తగ్గించి వేరేది కలిపాక మాటలు తిరిగొచ్చాయి. అంటే అది మందు ఉన్నంతసేపే, శాశ్వతంగా పోలేదు. ఆ మందుతో నీళ్ళు బాగా తాగమంటారు, కిడ్నీలో రాళ్ళు వస్తాయని, పిల్లలకైతే చెమట తగ్గి ఒళ్ళు వేడెక్కుతుందని.

నీలిగగనం

చిన్నారితల్లి గారు చెప్పింది నిజం. జ్ఞాపకశక్తి విషయంలో మందుతో పాటు ఫిట్స్‌కీ, నిద్ర లేకపోవడానికీ, దిగులుకీ కూడా వాటా ఉంటుంది, అన్నీ మందు మీదే తోసెయ్యలేం. సైడ్ ఎఫెక్ట్స్ చాలావరకు డోసుతో ముడిపడినవి, తగ్గిస్తే తగ్గుతాయి. కొన్ని మాత్రం ఏళ్ళ మీద నెమ్మదిగా వస్తాయి: ఫెనిటోయిన్‌తో చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదకి పెరగడం, పాత మందులతో ఎముకలు పలచబడటం, విగాబాట్రిన్‌తో చూపు పక్కల నుంచి తగ్గిపోవడం, అది మళ్ళీ రాదు కాబట్టి కళ్ళ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఏ మందు మొదలుపెట్టినా తొలి వారాల్లో జ్వరంతో దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు కనిపిస్తే ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. కార్బమజెపిన్‌కి ముందు ఆసియా మూలాలున్నవాళ్ళకి హెచ్ఎల్ఏ బీ 1502 అనే జన్యు పరీక్ష చేయించమని చెప్పేది ఈ దద్దుర్ల గురించే.

ఇంకో విషయం, వేరే జబ్బుకి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఫిట్స్ మందు పేరు చెప్పాలి. ట్రమడాల్ అనే నొప్పి మందు ఫిట్స్‌ని రెచ్చగొట్టొచ్చు. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రోయేట్‌ని బాగా పడేస్తుంది. క్లారిత్రోమైసిన్ వాడితే కార్బమజెపిన్ పెరిగి తూలిపోతారు.

తూనీగ_21

అందరికీ చాలా చాలా థాంక్స్. వేపచెట్టునీడ గారి మాటలు తమ్ముడికి చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకున్నాడు. డాక్టరు గారికి ఫోన్ చేశాం, కోపం సంగతీ, పొద్దున కుదుపుల సంగతీ చెప్పాం. ఎల్లుండే రమ్మన్నారు, అప్పటిదాకా మాత్ర మాత్రం ఆపొద్దన్నారు. వాడు కూడా సరే అన్నాడు.

ఇంకొక్క డౌటు. రాత్రి మాత్ర మర్చిపోయి పొద్దున గుర్తొస్తే రెండూ కలిపి వేసుకోవాలా? ఒకవేళ మళ్ళీ ఫిట్స్ వస్తే మేం ఏం చెయ్యాలి? మొదటిసారి అందరం కంగారుపడి నోట్లో స్పూను పెట్టబోయాం.

నీలిగగనం

రెండూ కలిపి వద్దు. మామూలుగా చెప్పేది, గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, కానీ తర్వాతి డోసు టైమ్ దగ్గరపడితే మర్చిపోయినది వదిలేసి టైమ్ ప్రకారం కొనసాగించాలి. లెవెటిరాసెటమ్ రక్తంలో ప్రతి ఆరు నుంచి ఎనిమిది గంటలకి సగం తగ్గిపోతుంది, అందుకే రోజుకి రెండుసార్లు ఇస్తారు, ఒక్క పూట మర్చిపోయినా తేడా పడొచ్చు. ఫోన్‌లో అలారం పెట్టుకుని, వారం రోజుల మాత్రల డబ్బా కొనుక్కోమనండి. డబ్బాలో గడి ఖాళీగా ఉందంటే వేసుకున్నట్టే, అప్పుడు అమ్మ అడగక్కర్లేదు, తనకీ చిరాకు ఉండదు. నిద్ర మాత్రం తగ్గనివ్వకండి, మందు ఎంత సరిగ్గా వాడినా రాత్రంతా మేలుకుంటే తనకి ఫిట్స్ రావొచ్చు. మద్యం కూడా అంతే.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకండి, స్పూనూ గుడ్డా నీళ్ళూ ఏవీ. గట్టిగా పట్టుకుని ఆపాలని చూడొద్దు. చుట్టూ గుచ్చుకునేవి తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే రెండోది మొదలైనా వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఇంట్లో ఉంచుకుని అలాంటప్పుడు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఉంటుంది, తనకి అది అవసరమా, అవసరమైతే ఎంత డోసు అన్నది ఎల్లుండి డాక్టరునే అడిగి కాగితం మీద రాయించుకోండి.